కుడి పక్కన గోడ ఉండేది

పశువుల డాక్టరుగా ఉద్యోగంలో చేరిన రెండో ఏడాది నేనొక గేదె పని అయిపోయిందని చీటీ రాసిచ్చాను. కింద సంతకం, పైన స్టాంపు. ఆ చీటీ తిరిగి నా చేతికే వచ్చింది. ఇప్పుడు నా బల్ల మీద అద్దం కింద ఉంది. ఇక్కడికి ఇంటర్న్‌షిప్‌కి వచ్చే ప్రతి బ్యాచీ అది చదివి "ఇదేంటి మేడం?" అని అడుగుతుంది. చెప్పీ చెప్పీ విసుగొచ్చి ఈసారి రాసి పెడుతున్నాను. ముప్పై రెండేళ్లకే జ్ఞాపకాలేంటని నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి. గేదెకి స్కానింగ్ చేయడంలో నాకంటే బాగా చూసేవాళ్లు ఈ చుట్టుపక్కల ఎక్కువమంది లేరు. ఆ చూపు నాకు ఎలా వచ్చిందో చెప్పడానికే ఇదంతా.

నాది విశాఖపట్నం. అపార్ట్‌మెంట్ నాలుగో అంతస్తులో పెరిగినదాన్ని, గేదెని మొదటిసారి ముట్టుకున్నది కాలేజీలోనే. బందరు పశువుల ఆసుపత్రికి పోస్టింగ్ వచ్చేసరికి నా దగ్గరున్నవి బ్యాటరీతో నడిచే చిన్న స్కానర్, చేతిలోంచి దిగని ఫోను, ముక్కు మీద కోపం. ఆసుపత్రిలో ఎక్స్‌రే కూడా ఉండేది గానీ, అది కుక్కలకీ మేకలకీ సరిపోయేది. గేదె ఛాతీ దాటి అవతలికి వెళ్లే శక్తి దానికి లేదు. కాబట్టి గేదె లోపల ఏముందో తెలియాలంటే నా స్కానరే దిక్కు. ఆ మాట రోజుకి నాలుగుసార్లు అందరికీ గుర్తు చేసేదాన్ని.

అక్కడి కాంపౌండరు గారు అప్పటికి రిటైర్మెంటుకి దగ్గర పడ్డారు. ఆ ఉద్యోగానికి ఇప్పుడేదో కొత్త పేరుంది గానీ, బందరు చుట్టుపక్కల అందరికీ ఆయన కాంపౌండరు గారే. గేదె గేటు దాటి వస్తూండగానే నడక చూసి, పేడ చూసి, చెవి పట్టుకుని సగం సంగతి చెప్పేసేవారు. నాకది నచ్చేది కాదు. "ముందు నన్ను స్కాన్ చేయనివ్వండి, తర్వాత చెబుదురు గాని" అనేదాన్ని. "అట్టాగేనమ్మా" అని టీకి వెళ్లిపోయేవారు. వెళ్లేవారు గానీ, తిరిగొచ్చి నా స్క్రీన్ వైపు తొంగి చూడకుండా ఉండేవారు కాదు.

"దీంట్లో మీకేం కనపడుద్దో గానీ అమ్మా, నాకు మాత్రం గాలివానలో టీవీ చూసినట్టుంది."

ఇక ఆ ఆసుపత్రిలో బోను సంగతి. గేదె కదలకుండా నిలబెట్టే ఇనప చట్రాన్ని పుస్తకాల్లో ట్రెవిస్ అంటారు, అక్కడ అందరూ బోను అనేవారు. దాన్ని ఎవరు పాతించారో గానీ గోడకి ఆనించినట్టే పాతించారు. కుడివైపు కమ్మీకీ గోడకీ మధ్య జానెడు సందు. ఆ సందులో ఖాళీ సెలైన్ డబ్బాలు, రెక్క విరిగిన ఫ్యాను, ఒక చీపురు. ఎడమవైపు మాత్రం స్టూలు వేసుకుని కాళ్లు చాపుకుని కూర్చోవచ్చు. అందుకని మేం సూదులు ఎడమవైపే వేసేవాళ్లం, స్కానింగూ ఎడమవైపే చేసేవాళ్లం. ఎన్నేళ్లుగా అలా జరుగుతోందో ఎవరికీ తెలియదు. నేనూ అడగలేదు.

ఒక శనివారం పొద్దున పెడన నుంచి ఒకావిడ గేదెని తోలుకొచ్చింది. యాభై ఏళ్లుంటాయి. వేళ్ల చివర్లు నల్లగా ఉన్నాయి, గోళ్లలో ఎర్ర చారలు. ఆవిడ భర్త కలంకారీ అచ్చులు వేస్తాడు, ఆవిడ రంగులు కాస్తుంది. ఇంట్లో ఉన్నది ఆ ఒక్క గేదే.

"ఈని రెండు నెల్లయిందండి. అప్పట్నుంచీ ఇదే వరస. రెండ్రోజులు తింటది, మూడోనాడు పొట్ట డోలులాగా ఉబ్బుద్ది. సూదేస్తే తగ్గుద్ది, మళ్లీ మామూలే" అంది. తర్వాత గొంతు తగ్గించింది. "మా పొరపాటేనండి. మళ్లీ మేకులు తినుంటది."

"మేకులేంటి?"

నవ్వకుండా చెప్పింది. కలంకారీలో నల్లరంగుకి తుప్పు పట్టిన ఇనప ముక్కలూ మేకులూ కుండలో వేసి, బెల్లం నీళ్లు పోసి మూడు వారాలు నానబెడతారు. పులిసిన నీళ్లు వడకట్టుకుంటారు. ముందటి ఏడాది అడుగున మిగిలిన మడ్డిని దొడ్లో పారబోస్తే, బెల్లం వాసనకి గేదె కట్టు తెంపుకుని వచ్చి మేకులతో సహా నాకేసింది.

కాంపౌండరు గారు పక్కనుంచి అందుకున్నారు. "అప్పుడు వాళ్లింటికెళ్లి నేనే అయస్కాంతం వేశానమ్మా. గొంతులోకి జార్చాను. అది లోపలుంటే మేకులు దానికే పట్టుకునుంటాయి, ఎక్కడా గుచ్చుకోవు."

ఈ వైద్యం మీకు తెలిసిందే. గేదె మింగిన ఇనుము ముందున్న చిన్న పొట్టలోకి చేరుతుంది. లోపలి గోడ తేనెతుట్టెలా ఉంటుంది కాబట్టి తేనెతుట్టె పొట్ట అంటాం. మేకు ఆ గోడని పొడుచుకుని ముందుకి పోతే ఎదురుగా గుండె. వేలెడంత అయస్కాంతం అక్కడ కూర్చుంటే మేకుల్ని కదలనివ్వదు.

నేను పాత రిజిస్టరు తెరిచాను. అయస్కాంతం వేసినట్టు ఎక్కడా లేదు.

"ఇందులో లేదే?"

"ఆదివారం నాడు వేశానమ్మా. మన స్టాకులోది కాదు, నేను సొంతంగా తెప్పించుకున్నది. రాయలేదు."

"రాయకపోతే వేయనట్టే" అన్నాను.

ఆయన రిజిస్టరు మూసి పక్కన పెట్టారు. గేదెని బోనులోకి తోలారు. ఎడమ మోచేయి వెనక వెంట్రుకలు గొరిగి, జెల్ రాసి, స్టూలు మీద కూర్చుని చూశాను. తేనెతుట్టె పొట్ట ఆరోగ్యంగా ఉంటే నిమిషానికోసారి రెండు విడతలుగా ముడుచుకుంటుంది. అయిదు నిమిషాలు చూశాను. బూడిదరంగు గీత ఒకటి కనిపించింది గానీ అది కదల్లేదు. నా బుర్ర అప్పటికే తీర్పు చెప్పేసింది: మేకు పొడుచుకుంది, చీము పట్టింది, పొట్ట చుట్టుపక్కల వాటికి అతుక్కుపోయింది, అందుకే కదలడం లేదు. స్క్రీన్‌ని ఫోనుతో ఫొటో తీసి మా కాలేజీ గ్రూపులో పెట్టాను. టీ తాగేలోపు ముప్పై లైకు బొటనవేళ్లు. "అతుక్కుపోయింది, లాభం లేదు" అని ఒకరు రాస్తే మిగతావాళ్లు కింద దండం బొమ్మలు పెట్టారు. కుడివైపు చూశావా అని ఒక్కరూ అడగలేదు. నిజానికి ఆ గీత తేనెతుట్టె పొట్టది కానే కాదు, దాని వెనకుండే పెద్ద పొట్ట అంచు. ఉండాల్సింది అక్కడ లేకపోతే, ఉన్నదాన్నే అది అనుకున్నాను.

కాంపౌండరు గారు మెల్లగా అన్నారు. "జ్వరం లేదమ్మా. మెడ కింద వాపు కూడా లేదు. చీము పట్టిందంటే రెండు నెల్లు ఇట్టా నిలబడుద్దా?"

"మీరు స్కానింగ్ నేర్చుకున్నారా?"

"లేదమ్మా."

"మరి వదిలెయ్యండి. వేశానని మీరు చెప్పే అయస్కాంతం ఉంటే ఈ గతి పట్టేదే కాదు. ఎందుకండీ ఊరికే అబద్ధాలు?"

ఆ మాట అందరి ముందూ అన్నాను. ఆయన చేతిలో ఉన్న తాడు కమ్మీకి చుట్టి, ముడి వేసి, బయటికి వెళ్లిపోయారు. ఆ రోజు టీకి పిలిచినా రాలేదు.

చీటీలో రాశాను: చికిత్సకి లొంగే స్థితిలో లేదు. ఆవిడ చదివించుకుని మడతపెట్టింది.

"దానికి నొప్పుంటదాండీ?"

"ఉంటుంది."

"అయితే ఉంచకూడదులెండి" అంది. కాసేపు గేదె వీపు మీద చెయ్యి వేసి నిలబడి, "కబేళా బేరగాడు ఎప్పట్నుంచో తిరగతన్నాడు. రేపు రమ్మంటా" అంది.

మర్నాడు ఆదివారం. ఎనిమిదింటికి నేను మంచం మీద ఫోను చూస్తున్నాను. కింద గేటు చప్పుడయింది. కాంపౌండరు గారు, ఉతికిన చొక్కా, స్కూటరు.

"ఫోను తీసుకుని రండమ్మా. స్కానరు కూడా."

"ఎక్కడికండీ, ఆదివారం పూట?"

"పెడన. నా దగ్గర దిక్సూచి ఉండేది. అయస్కాంతం వేశాక పశువు పక్కన పెట్టి చూసుకునేవాణ్ణి, లోపలికి దిగిందా లేదా అని. పోయిన వానల్లో నీళ్లు దూరి పాడైంది. మీ ఫోనులో దిక్సూచి ఉంటదంట కదా, మా మనవరాలు చెప్పింది. నేను అబద్ధాలకోరునో కాదో మీ ఫోనే చెప్పుద్ది."

నాకు కోపం వచ్చింది. తర్వాత సిగ్గేసింది. తర్వాత మళ్లీ కోపమే వచ్చింది. సరే, నిరూపించి వదిలేద్దామని స్కానరు భుజానికి తగిలించుకుని స్కూటరు ఎక్కాను.

పెడనలో ఆవిడ దొడ్డినిండా తాళ్ల మీద గుడ్డలు ఆరేసి ఉన్నాయి. గేదె కర్ర గుంజకి కట్టేసి ఉంది. అప్పటికే మొహానికి పసుపు రాసి బొట్టు పెట్టారు. బేరగాడి వెంట సాగనంపడానికి పెట్టిన బొట్టని చూడగానే అర్థమైంది.

"మళ్లీ ఎందుకొచ్చారండీ?" అంది ఆవిడ. మర్యాదగానే అంది.

"చిన్న పరీక్షమ్మా, అయిదు నిమిషాలు" అన్నారు కాంపౌండరు గారు.

ఫోను వెనకున్న అయస్కాంతపు రింగు కవరు తీసేశాను. దిక్సూచి తెరిస్తే, సరిచేసుకోవడానికి ఫోనుని గాల్లో ఎనిమిది అంకెలా తిప్పమంది. గేదె మొహం ముందు నిలబడి తిప్పుతున్నాను. గోడ అవతలనుంచి చూస్తున్న పక్కింటావిడ గట్టిగా అంది.

"ఏమేవ్, డాక్టరు గారు దిష్టి తీస్తన్నారే! అదేదో ముందే తీస్తే పోయేదిగా!"

దొడ్లో అందరూ నవ్వారు, కాంపౌండరు గారు తప్ప. బోనులో అయితే ఈ పరీక్ష సాగేది కాదు, చుట్టూ ఇనుమే కాబట్టి ముల్లు ఎటంటే అటు పోయేది. ఇక్కడ కర్ర గుంజ, మట్టి నేల. ఎడమ మోచేయి వెనక, పొట్ట ఉండాల్సిన చోట ఫోను పెట్టాను. ముల్లు కాస్త వణికి ఊరుకుంది.

"చూశారా?" అన్నాను. "లేదు."

"వణికిందిగా. ఎటో ఉంది. అటు పక్క కూడా పెట్టండమ్మా."

"అటెందుకుంటుంది?"

"పెట్టండి."

చుట్టూ తిరిగి కుడివైపుకి వెళ్లాను. నిజం చెబుతున్నాను, ఆ ఊళ్లో అన్ని నెలలు పనిచేసి ఒక గేదె కుడి మోచేయి పక్కన నేను నింపాదిగా కూర్చోవడం అదే మొదటిసారి. ఫోను ముందుకి జరిపాను. మోచేయి వెనక్కి రాగానే ముల్లు గిర్రున తిరిగి పక్కటెముకల వైపు చూపిస్తూ బిగుసుకుపోయింది. ఫోను పైకి జరిపితే కిందికి, వెనక్కి జరిపితే ముందుకి, ఎటు జరిపినా అక్కడికే తిరుగుతోంది.

"వేశానా లేదా?" అన్నారు కాంపౌండరు గారు.

"వేశారు" అన్నాను. అని, నవ్వబోయాను. "కానీ అది ఛాతీలోకి ఎక్కి కూర్చుంది..."

అక్కడ ఆగిపోయాను. ఫోను పెట్టిన చోట లోపల ఉండాల్సింది గుండె, ఊపిరితిత్తి. అయస్కాంతం ఉండేది తేనెతుట్టె పొట్టలో. అయస్కాంతం ఛాతీలో ఉందంటే పొట్టే ఛాతీలో ఉంది. ఛాతీకీ పొట్టకీ మధ్య అడ్డుగా ఉండే కండర పొర చిరిగి, ఆ సందులోంచి పొట్ట ముందుకి దూరింది. ఈనేటప్పుడు ముక్కిన ముక్కుడుకి చిరిగి ఉంటుంది. ఈనిన దగ్గర్నుంచే ఉబ్బరం మొదలైందని ఆవిడ నాకు చెప్పిన మొదటి మాటే అది. నేను మేకుల దగ్గరే ఆగిపోయాను.

స్కానరు తీశాను. కుడివైపు గొరిగి, జెల్ రాసి, స్కానరు ప్రోబు ఆనించాను. గుండె కొట్టుకుంటోంది. దాన్ని ఆనుకుని, ఉండకూడని చోట, వంపు తిరిగిన మందపాటి గీత. కాంపౌండరు గారు నా భుజం మీదుగా వంగారు. గీత ముడుచుకుంది. సగం విచ్చుకుంది. మళ్లీ ముడుచుకుంది. రెండు విడతలు.

"ఇది నాక్కూడా కనపడతంది" అన్నారాయన.

అప్పుడే వీధిలో బేరగాడి వ్యాను ఆగింది.

ఆవిడకి చెప్పాను. చీము లేదు, అతుక్కోలేదు, పొట్ట జారింది, నేను చదివిన పశువైద్య కాలేజీ ఆసుపత్రిలో కోసి కుట్టొచ్చు. గబగబా చెప్పాను, స్క్రీన్ చూపించాను. ఆవిడ స్క్రీన్ చూడలేదు. నన్నే చూసింది.

"నిన్న చావన్నారు. ఇవాళ బతుకంటన్నారు. రేపు ఇంకేమంటారు?"

బేరగాడు వ్యాను దిగి వచ్చి, "పొద్దున్నే ఫోన్ చేసి రమ్మందెవరక్కా? నేను పని మానుకుని వచ్చా" అన్నాడు. వాడి మీద అరవడానికి నోరు తెరిచాను కూడా. అరిచి ఉంటే గేదె వ్యాను ఎక్కేసేదే. వాణ్ణి పిలిపించింది నా చీటీయే.

"నిన్న నేను సగం గేదెనే చూశానండి" అన్నాను. "ఎడమ సగం. మా బోను పక్కన గోడ ఉంది, ఇటు కూర్చోవడానికి చోటు లేదు, అందుకని చూడలేదు. తప్పు నాది. ఆయన అయస్కాంతం నిజంగానే వేశారు. ఇదిగో, మీరే పెట్టి చూడండి."

ఫోను ఆవిడ చేతికిచ్చాను. పాస్‌వర్డ్ కూడా ఎవరికీ చెప్పని ఫోను. నల్లటి వేళ్లతో పట్టుకుని ఎడమ పక్క పెట్టింది, కుడి పక్క పెట్టింది. ముల్లు తిరగడం చూసింది. మళ్లీ ఎడమకి వెళ్లి మళ్లీ కుడికి వచ్చింది. పక్కింటావిడ గోడ ఎక్కినంత పని చేసింది. గేదె గలావిడ ఫోను తిరిగిచ్చి, పమిట చెంగుతో దాని మొహం మీద పసుపు తుడవడం మొదలుపెట్టింది.

"బతుకుద్దని మాటిస్తారా?"

"ఇవ్వలేను. బల్ల మీదే పోవచ్చు కూడా. కానీ నిన్న నేను రాసింది మాత్రం తప్పు."

"అట్టా చెప్పండి" అంది. తర్వాత బేరగాడి వైపు తిరిగింది. "ఏరా తమ్ముడూ, బండి ఎట్టాగూ తెచ్చావుగా. గుడివాడ మీదగా కాలేజీకి పోనీ."

వాడు నా వైపూ గేదె వైపూ చూసి తల గోక్కున్నాడు. "కోయించడానికి తీసుకెళ్దామని వస్తే, కుట్టించడానికి తీసుకెళ్లమంటన్నారేందండీ!" అని వెనక తలుపు దించాడు.

కాంపౌండరు గారూ నేనూ కూడా వ్యానెక్కాం. దారిలో మా ప్రొఫెసరు గారికి ఫోన్ చేశాను. "నిన్న గ్రూపులో పెట్టింది ఈ గేదేనా? కుడివైపు బొమ్మ ఏదమ్మా అని అడుగుదామనుకున్నాను. అన్ని బొటనవేళ్లు చూసి ఎందుకులే అని ఊరుకున్నా" అన్నారు. ఆయన మీద నాకు వచ్చిన కోపం ఇక్కడ రాయను, ఆయన ఇది చదువుతారు.

మొదటి రోజు పెద్ద పొట్ట తెరిచి మేతంతా ఖాళీ చేశారు. ప్రొఫెసరు గారు భుజం దాకా చెయ్యి లోపలికి పెట్టి, చిరుగులోంచి ముందు పొట్టలోకి తడిమి, అయస్కాంతం బయటికి లాగారు. దాని ఒంటినిండా మేకులు, ముళ్ల పందిలా. ఒక్కటి కూడా విడిగా లేదు. కాంపౌండరు గారు కిటికీలోంచి చూస్తున్నారు. నేను ఆయన వైపు చూడలేకపోయాను. రెండో రోజు గేదెని వెల్లకిలా పడుకోబెట్టి, గొట్టంతో ఊపిరి అందిస్తూ చిరుగు కుట్టారు. మధ్యలో ఒకసారి గుండె బాగా నెమ్మదించింది. మళ్లీ పుంజుకుంది. నాలుగో రోజు పచ్చగడ్డి నాలుగు పరకలు నోట్లో పెట్టుకుంది. అరగంట తర్వాత నెమరు వేసింది.

ఆవిడ మేకులన్నీ పీకి కుళాయి కింద కడిగి చెంగున కట్టుకుంది. "కుండలో వేస్తా. ఎన్నాళ్లు నానాయో, నలుపు బాగా తేలుద్ది" అంది. అయస్కాంతం కాంపౌండరు గారి చేతిలో పెట్టింది. చీటీ నా చేతిలో పెట్టింది.

"ఇది మీ దగ్గరే ఉంచుకోండమ్మా."

బందరు తిరిగొచ్చాక కాంపౌండరు గారికి క్షమాపణ చెప్పాను. అందరి ముందూ అన్నాను కాబట్టి అందరి ముందే చెప్పాను. ఆయన ఇబ్బందిగా నవ్వి, "నేను రాయకపోవడం తప్పేగదమ్మా" అన్నారు. ఆ సాయంత్రం రిజిస్టరు తెచ్చి, పాత ఆదివారం తేదీ ఎదురుగా, గుండ్రటి అక్షరాలతో రాశారు. తర్వాత ఇద్దరం కలిసి టీకి వెళ్లాం. ఆ వారమే సెలైన్ డబ్బాలూ ఫ్యానూ బయట పడేయించి, బోను పెకలించి గోడకి నాలుగడుగులు ఇవతల మళ్లీ పాతించాం. తర్వాతి ఏడాదిలోనే కుడివైపు నుంచి అలాంటివి మరో రెండు పట్టుకున్నాను. రెండోది నాకంటే ముందు పేడ చూసి ఆయనే చెప్పారు. నేను ఆయన మాట పూర్తయ్యేదాకా ఆగాను, అంతే.

ఇప్పుడు గుడివాడలో ఉన్నాను. చేరిన మొదటి రోజే ఇక్కడి బోను ఎంత దూరంలో ఉందో కొలిచాను. "వచ్చీరాగానే గోడ మీద పడ్డారేంటండీ మేడం" అని ఇక్కడి అటెండరు ఇప్పటికీ ఏడిపిస్తాడు. నా కోపం తగ్గిందని మీకెవరైనా చెబితే నమ్మకండి.

కాంపౌండరు గారు రిటైరైన రోజు అయస్కాంతాన్ని చింతపండుతో తోమి, కాగితంలో చుట్టి నాకిచ్చి వెళ్లారు. నా బల్ల మీద, ఆ చీటీ ఉన్న చోటే, అద్దం మీద పెట్టాను. ఫోను పక్కన పెడితే చాలు, దిక్సూచి ఉత్తరాన్ని వదిలేసి అటే తిరుగుతుంది. దాని దగ్గర మ్యాపులన్నీ తప్పు చూపిస్తున్నాయి, తీసి ఎక్కడన్నా పెట్టండి మేడం అని నిన్న మీలోనే ఒకరన్నారు.

తియ్యను. ఫోన్లే అవతల పెట్టుకోండి.